అడ్డపొగ మానిన లక్ష్మణమ్మ

ఇలా దగ్గరికి జరగండే అమ్మలూ. చేతిలో పని చేతిలోనే ఉండనివ్వండి, చెవి ఒక్కటి ఇటు ఇవ్వండి. అరవై ఎనిమిదో సంవత్సరం ఊడుపుల్లో, ఆమదాలవలస దాపున మా ఊళ్ళో, లక్ష్మణమ్మ చోడి అంబలి, అదే రాగి అంబలి, కాస్తూ కాస్తూ నోట్లో చుట్ట తీసి పొయ్యిలో పారేసింది. అడ్డపొగ తాగే మనిషి. అదేనమ్మా, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని తాగడం. వానకి ఆరదు, చంటిపిల్ల మీద రాలదు, నాటుకి రెండు చేతులూ ఖాళీ. మన ఆడవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

ఆస్పత్రి డాక్టరమ్మ అంగిట్లో తెల్ల మచ్చ చూసి, మానకపోతే పుండవుతుందంది. లక్ష్మణమ్మ తల్లి ఆ పుండుతోనే పోయింది. ఆఖరికి గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేసేది. అది కళ్ళారా చూసిన పిల్ల, భయపడి మానేసింది. మానితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడో రోజుకి నారుకట్ట పట్టిన వేళ్ళు వణికాయి. తల పగిలిపోతోంది, వానలో కూడా చెమట, గుండె దడ. పుండు అప్పుడే తలకెక్కేసింది కాబోలు, తన చంటిపిల్ల ఏమైపోతుందో అనుకుని గట్టు మీద కూలబడింది. తాగితే చావు, మానితే చావు! అత్త దేముడమ్మ చూసి, "నిప్పు మానీసినావు, ఒంట్లో సలి దూరింది. ఒక్కటి ఎలిగించీ, సర్దుకుంతాది" అంది. ఆ మాటకే నోరూరింది. ఊరినందుకు ఇంకా భయపడింది.

నాలుగో నాడు మొగుడు ఎర్రన్న గిన్నె తోసేసి, "ఏటే ఇది, అంబలా, కుడితా?" అన్నాడు. పన్నెండేళ్ళుగా అంటున్న మాటే. పన్నెండేళ్ళూ ఆమె నోట్లో నిప్పుండేది. నిప్పున్న నోరు ఏం జవాబు చెబుతుంది? ఆ వేళ మాత్రం, "కుడితైతే పశువులే తాగుతాయి, నువ్వు లెగు" అనేసింది. అది తన గొంతేనా అని తనకే ఒళ్ళు జలదరించింది. లోపల ఇంకా ఎన్ని మాటలున్నాయో, ఏది ఎప్పుడు జారుతుందో, తంతాడో, పుట్టింటికి తోలేస్తాడో.

ఎర్రన్న కొట్టలేదు. తానే చుట్ట చుట్టి, వెలిగించి తెచ్చి, ముద్దుగానే అన్నాడు: "ఇదిగో, ఎట్టుకోయే. నీ నోట్లో ఇది ఉంతేనే ఇంటికి నెమ్మది."

"డాక్టరమ్మ ఏటన్నాదో నీకు సెప్పినాను కదా మావా?"

"డాక్టరమ్మ వచ్చి నాకు కూడొండుతాదేటి?"

పొగ వాసనకి చెయ్యి దానంతట అదే ముందుకు సాగింది. ఈయన నెమ్మది కోసమా నా అంగిలి కాలుతున్నది, అనుకుంది. చెయ్యి వెనక్కి లాక్కుని, వణుకు ఆగక రెండు చేతులూ చంకల్లో దోపుకుంది.

"సచ్చిపోతానేమోనని బయ్యమేస్తన్నాది మావా. అయినా తాగను. బయ్యంతోటే ఉంతాను."

మరో వారానికి వణుకు తగ్గింది. మాటలు తగ్గలేదు.

మీ కూతుళ్ళకీ కోడళ్ళకీ ఈ కథ చెప్పండమ్మా. పేర్లు మరిచిపోయినా పరవాలేదు. మానిన కొత్తలో వచ్చే ఆ వణుకు చావు కాదని చెప్పండి. లక్ష్మణమ్మకి చెప్పే మనిషి లేకపోయింది.