షుగరు పోయిన ఎలీసమ్మ

మైకు చేతికొస్తే ఎలీసమ్మ నోటికి తాళం ఉండదు. రెండేళ్ల కిందట మూడు రోజుల ఉపవాస ప్రార్థన చేసి, వేలి మీద సూదితో గుచ్చి చూస్తే షుగరు తక్కువొచ్చింది. పొట్ట మాడ్చుకుంటే తగ్గదూ మరి! ఆ ఆదివారమే చర్చిలో లేచి, "దేవుడు నా షుగరు తీసేశాడు, మాత్రలు కుప్పలో పారేశాను" అని సాక్ష్యం చెప్పేసింది. మాత్రలు పారేయమని పాస్టరు గారు ఏనాడూ అనలేదు. ఆ ముక్క తనే తగిలించింది. అప్పట్నుంచి ఊళ్లో ఆమె పేరు షుగరు పోయిన ఎలీసమ్మ.

ఈ వేసవిలో కాళ్లు వాచాయి. మూత్రం నురగ కడుతోంది. నెల కిందట ఎవరికీ చెప్పకుండా గుంటూరు బ్రాడీపేటలో చూపించుకుంది.

"మూత్రంలో ప్రోటీను పోతోందమ్మా. షుగరు కిడ్నీల్ని తినేస్తోంది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడైతే కాపాడుకోవచ్చు. షుగరుకీ బీపీకీ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. ఉప్పు తగ్గించండి. అశ్రద్ధ చేస్తే డయాలసిస్సే."

మానొద్దట! ఎక్కడ మింగేది? మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డులో పదిహేను మంది ఆడవాళ్లు కలిసే అన్నం తింటారు. ఇంటి దగ్గరైతే గుమ్మంలోనే ఇరుగుపొరుగు. మాత్ర కనపడితే అబద్ధాలకోరంటారు, పైగా దేవుడికీ చెడ్డపేరు. కుడితిలో పడ్డ ఎలుకైపోయింది పాపం. ఒక పూట వేసుకుంటే రెండు పూటలు ఎగ్గొట్టేది.

నిన్న ఆదివారం పాస్టరు గారు మళ్లీ పిలిచారు. "ఎలీసమ్మగారూ, మీ సాక్ష్యం ఇంకోసారి చెప్పండమ్మా."

లేవబోతుంటే పక్కనున్న పుల్లమ్మ చెయ్యి పట్టుకుంది. చిన్నాన్న కూతురు, అవతలి పేటలో ఉంటుంది.

"గట్టిగా చెప్పక్కా! నీ మాట మీదే గదా నేనూ షుగరు మాత్రలు మానేసింది."

ఎలీసమ్మ పుల్లమ్మ పాదాల వంక చూసింది. వేళ్లు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి.

మైకు పట్టుకుంది.

"నా షుగరు పోలేదయ్యగారూ. కిడ్నీలకు దెబ్బ తగిలింది. చాటుగా మాత్రలు మింగుతున్నా. నన్ను చూసి మీరెవరూ మానకండి, మీకు పుణ్యముంటుంది. పుల్లమ్మా, రేపు నాతో డాక్టరు దగ్గరికి రావే."

ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. పుల్లమ్మ తెల్లబోయి చూసింది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"నెలైంది."

"నెల నుంచా! నా ఒక్కదాని చెవినైనా వెయ్యలేకపోయావా అక్కా?"