అటూ ఇటూ అరవై లక్షల ఏళ్లు

నేను ఒక రాయిని. గ్రానైట్ ముక్కను. ఒకప్పుడు కొబ్బరికాయంత ఉండేదాన్ని, ఇప్పుడు సగమే మిగిలాను. నా వయసు రెండు వందల యాభై రెండు కోట్ల ఏళ్లు, అటూ ఇటూ అరవై లక్షలు. మనుషులు తమ వయసు చెప్పాల్సివస్తే ఓ నాలుగేళ్లు మింగేస్తారు. నాకా అవసరం లేదు, అరవై లక్షలు వాళ్లే వదిలేశారు.

భూమి కడుపులో కరిగిన ముద్దగా ఉండి, మెల్లగా చల్లబడి గట్టిపడ్డాను. అప్పుడే నాలో జిర్కాన్ గింజలు పుట్టాయి. ఆవగింజలో పదోవంతు కూడా ఉండవు. ఆ గింజ పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం గడప తొక్కనివ్వదు. ఆ తర్వాత లోపలున్న యురేనియమే ఒకే నడకలో కొద్దికొద్దిగా సీసమవుతూ ఉంటుంది. ఏది ఎంత ఉందో కొలిస్తే గింజ పుట్టి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. అదే నా గడియారం. తర్వాత నన్ను ఎవరు పగలగొట్టారో, నేను ఎవరి మీద పడ్డానో దానికి పట్టదు.

నేను పడ్డది పల్లపు తిరుపతి మీద.

కరీంనగర్ దగ్గర ఒక క్వారీలో రాయి కొట్టేవాడు. వడ్డెర మనిషి. సమ్మెట ఎత్తేముందు రాయిని సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే గట్టి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. నన్ను తల్లి బండలో ఉన్నప్పుడే అలా ఎన్నిసార్లు తట్టాడో. మనుషుల్లో నా మాట విన్నది అతనొక్కడే.

ఆ ఆదివారం ఊళ్లో బోనాలు. క్వారీకి సెలవు, అతనికి మాత్రం కాపలా. పండుగ పూట పోవద్దని భార్య శంకరమ్మ పోట్లాడింది. పోక తప్పదన్నాడు. ఆమె మాట్లాడకుండా అన్నం, దోసకాయ తొక్కు సత్తు డబ్బాలో కట్టిచ్చింది. కాపలా రోజుల్లో అతను అక్కడే గుడిసెలో పడుకునేవాడు, మర్నాటినుంచి సద్ది ఆమే తీసుకెళ్లేది. ఈసారి అలిగి వెళ్లలేదు. ఆదివారం నుంచే ఊరికి ముసురు పట్టింది, పని సాగలేదు. గురువారం కూలీలు వచ్చేసరికి నానిన క్వారీ గోడ కూలి ఉంది, ఆ రాళ్ల కింద అతను. మేం పడ్డ క్షణమే పోయాడని డాక్టరు చెప్పాడు. ఏ రోజన్నది మాత్రం తేల్చలేకపోయాడు.

"పోయిన దినం తెల్వనోళ్లకు పెద్దల అమాస, పెత్తరమాస ఉండనే ఉన్నది. అందరితోపాటు ఆయన పేర బియ్యమియ్యి," అన్నాడు కులపెద్ద. శంకరమ్మ తలూపింది. కానీ కూలిన రాళ్లలోంచి నన్ను ఏరి ఇంటికి తెచ్చి, అతని ఫొటో కింద పెట్టింది.

మూడేళ్ల తర్వాత నిఖత్ వచ్చింది. రాళ్ల వయసు మీద పరిశోధన చేసే పిల్ల. క్వారీ నీళ్లతో నిండిపోయింది, బయట మిగిలిన బండలన్నీ యుగాలుగా ఎండకూ వానకూ పాడైనవే. ఊళ్లోవాళ్లు చెప్పగా వచ్చి, ఇంట్లో భద్రంగా ఉన్న నన్ను చూడగానే ఆమె ప్రాణం లేచివచ్చింది.

"ఏం జేస్తవు బిడ్డా దీన్ని?"

"దీని వయసు తెలుసుకుంటానమ్మా."

శంకరమ్మ ఫొటో వైపు చూసింది. "వయసు దొరికితే, ఏ దినం పలిగిందో గూడ దొరుకుతదా?"

నన్ను తిప్పి తిప్పి చూసుకునే సంబరంలో నిఖత్ "చూద్దామమ్మా" అంది. చదువుకున్నవాళ్లు కాదనలేక 'చూద్దాం' అంటారు. కష్టం చేసుకు బతికేవాళ్లు దాన్ని మాటిచ్చినట్టే దాచుకుంటారు.

ప్రయోగశాలలో నాలో సగాన్ని పిండి చేశారు. జల్లెడ పట్టారు, కడిగారు. నిఖత్ కంటి నరాలు లాగేలా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని గింజలు ఏరింది. పగుళ్లున్న గింజలోంచి సీసం కారిపోతుంది, అది అబద్ధపు వయసు చెబుతుంది. అలాంటివన్నీ పక్కన పారేసింది. చివరికి నా లెక్క తేలింది. ఇంత కచ్చితంగా రావడం అదృష్టమని తోటివాళ్లు మిర్చిబజ్జీలు తెప్పించారు.

మిగిలిన సగాన్ని తిరిగివ్వడానికి ఆమె స్వయంగా వచ్చింది. వయసు చెప్పింది. అటూ ఇటూ ఎంతో కూడా చెప్పింది.

"మరి పలిగిన దినం?"

"అది ఈ రాయిలో ఉండదమ్మా. పగిలినా దీని లెక్క మారదు. ఆ రోజే చెప్పాల్సింది. తప్పు నాదే."

శంకరమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుంది. "అరవై లచ్చల ఏండ్లు అటిటైనా నీకు నడుస్తది బిడ్డా. నాకు నాలుగు దినాలే. అది నడుస్తలేదు." నన్ను నిమురుతూ అంది: "బియ్యమిచ్చుడు గాదు నా బాధ. బుధారం దాక బతికుండెనా? ఆకలైతున్నా నాకోసం ఎదురుచూసిండా? నేను సద్ది తీస్కపోతే నాతోని ఇంటికొస్తుండె. అలిగి కూసున్న."

 నిఖత్ అలవాటు కొద్దీ అడిగింది. "అక్కడ ఇంకేం దొరికిందమ్మా?"

శంకరమ్మ అటక మీంచి సత్తు డబ్బా తీసింది. "గుడిసెల ఉండె. మూత గూడ తియ్యలే. నా మీద కోపంతోని ముట్టలే."

"మీరిచ్చింది ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే."

నిఖత్ డబ్బాను చేతిలోకి తీసుకుంది. "రాయి కొట్టే మనిషి ఒక పూట అలుగుతాడమ్మా. రెండో పూటకు మూత తీస్తాడు. తియ్యలేదంటే, ఆ రెండో పూట ఆయనకు రాలేదు."

శంకరమ్మ పెదవులు కదిలాయి. "అయితే ఆదివారమే." తర్వాత చాలా మెల్లగా, "నా మీద అలగలే," అంది. మూడేళ్లుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేను ఆమె ఒళ్లోనే ఉన్నాను.

అతని మీద పడ్డది నేనే అయినా ఏ రోజో నాకూ తెలియదు. కోట్ల ఏళ్లు మోసే నాకు ఒక ఆదివారం ఏ మూలకు? అది ఆ సత్తు డబ్బాకే తెలిసింది.

ఇప్పుడు ఏటా బోనాల ఆదివారం శంకరమ్మ ఆ డబ్బాలోనే వేడన్నం, దోసకాయ తొక్కు పెట్టి, మూత తానే తీసి ఫొటో ముందు ఉంచుతుంది. ఆవిరి ఆరేదాకా నేను ఆ అన్నానికి ఎదురుగా కూర్చుంటాను. తినాల్సినవాడిని తిననివ్వనిది నేనే కదా.