పైపు మూతికి గుడ్డ

ద్వాలి దుప్పటిని చెంపకు ఆనించి చూసింది. వేడిగా ఉంది గానీ తడి పోలేదు. రెండుసార్లు తిప్పినా ఇంతే. "ఏం మాయరోగమొచ్చిందే నీకు?" అని డ్రయ్యర్‌ను తిట్టి, దాని తలుపులోని జాలీని బయటికి లాగి, అంటుకున్న బట్టల నూగునంతా గోళ్లతో గీకి పారేసింది. ఆ పని ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. మిషన్ బిగించినవాడు అదొక్కటే చూపించి పోయాడు. వెనక గోడలోంచి బయటికి పోయే వేడిగాలి పైపును కూడా శుభ్రం చేయాలని ఎవరు చెప్పారు గనక?

బూర్గంపాడులో ఆ ఇంటి ముందు నుంచే బొగ్గు లారీలు పోతాయి. తీగమీద తెల్లబట్ట ఆరేస్తే గంటలో నల్లబడుతుంది. ఇంటి ముసలమ్మ పిచ్చమ్మ తుంటి విరిగి మంచాన పడ్డాక రోజుకు నాలుగు దుప్పట్లు ఉతకాల్సి రావడంతో కోడలు శోభారాణి ఈ డ్రయ్యర్ కొన్నది. ఆమె టీచరు, పొద్దున పోతే సాయంత్రానికే రావడం. ముసలమ్మ ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ ద్వాలివే. తండా నుంచి పనికొచ్చే యాభై ఏళ్ల మనిషి. సర్ఫు నీళ్లలో నాని నాని వేళ్ల కొనలు పాలిపోయాయి. మొగుడు పోయాక తండాలో ఆమెను పలకరించేవాళ్లే తక్కువ. ఇక్కడ పిచ్చమ్మ రోజంతా స్టీలు గ్లాసుతో మంచం పట్టె మీద కొట్టి పిలుస్తూనే ఉంటుంది. పైకి విసుక్కున్నా ఆ పిలుపంటే ద్వాలికి ప్రాణం.

ఎండాకాలంలో పైపులోంచి నూగు రాలి, పక్కింటివాళ్లు ఆరబోసిన మిరపకాయల మీద పడి పెద్ద గొడవైంది. "ఏదన్న ఒకటి చెయ్ ద్వాలీ, రోజూ ఈ పంచాయితీ నాతోని కాదు," అన్నది శోభారాణి. తండాలో నల్లా మూతికి ఇసుక రాకుండా గుడ్డ కడతారు. ద్వాలి నిచ్చెన వేసుకొని ఎక్కి, పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి పైపు మూతికి బిగించింది. గొడవ తీరింది. నీ తెలివే తెలివి అని శోభారాణి మెచ్చుకున్నది కూడా. నల్లా గుడ్డనైతే వారానికోసారి విప్పి జాడిస్తారు. ఇదేమో ఎత్తున, కంటికి కనపడని చోట ఉంది. పాపం, మరిచేపోయింది.

"అవ్వా, జర పక్కకు తిరుగు," అంటూ ద్వాలి పిచ్చమ్మ నడుము కింద చెయ్యేసింది. పడుకొని పడుకొని నడుముకు పడిన పుండు మళ్లీ తడిసింది. నిన్నటికన్నా లోతుగా ఉంది. పక్క పొడిగా లేకపోతే అది ఎముకదాకా పోతుందని, ఇక మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు.

"సల్లగుంది బిడ్డా."

"అవ్ అవ్వా. ఇంకొక్కసారి మిషన్ తిప్పుత. పొడి దుప్పటి ఏస్త నీకు. గీలోపట పుండు మీద చల్లే పౌడర్ తెస్త."

"జల్దీ రావే. ఒక్కదాన్నంటే భయమైతది."

"గిట్ల పోయి గట్ల వస్త."

మిషన్ మూడోసారి తిరగడం మొదలుపెట్టింది. ఏదో మాడిన వాసన. బాగా వేడెక్కింది, ఈసారి ఆరుతుందిలే అనుకున్నది ద్వాలి. కోతులు చొరబడతాయని కిటికీలన్నీ మూసి, బయట తాళం వేసి, మందుల షాపుకు పోయింది. అక్కడ జనం ఎక్కువగా ఉన్నారు. అరగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి వాకిలి నిండా మనుషులు. తలుపు పగలగొట్టి ఉంది. పెద్ద మంటలేమీ కావు. మిషన్ వెనక, పైపులోనే రగిలి ఆరిపోయాయి. కానీ ఇల్లంతా పొగ. పిచ్చమ్మ ఒంటిమీద చిన్న బొబ్బ కూడా లేదు. ఊపిరి లేదు, అంతే.

ఫైరింజను మనిషి పైపు ఊడదీశాడు. గుడ్డ వెనక నూగు మూరెడు మందాన గట్టిపడి ఉంది.

"గాలి పోయే తొవ్వే లేదు. గీ గుడ్డ ఎవరు కట్టిండ్రు?"

బడినుంచి పరుగున వచ్చిన శోభారాణి తల దించుకున్నది.

"నేనే కట్టిన సారూ," అన్నది ద్వాలి. "తాళం గూడ నేనే ఏసిన."

 

"టంగు టంగుమని చానాసేపు మోత ఇనవడ్డది," అన్నది పక్కింటామె ఏడుస్తూ. "రోజూ లెక్కనే నిన్ను పిలుస్తుందేమో అనుకొని ఊకున్నమే ద్వాలీ."

ద్వాలి లోపలికి పోయింది. మంచం పట్టె కింద స్టీలు గ్లాసు పడి ఉంది. దాని అంచంతా కొత్త సొట్టలు.