ఎర్ర సున్నాలు

రంగులక్క కళ్లముందే తమ్ముడు పడ్డాడు. పాత ఇనుప వంతెన కమ్మీకి తాడు కట్టుకుని రంగు వేస్తుంటే, ఆ కమ్మీయే రివెట్లు ఊడి అతనితోపాటు నదిలోకి పోయింది. శవమైనా దొరకలేదు. మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు వచ్చి, వంతెన నూరేళ్ల ఉత్సవానికి మూడు రోజులే ఉంది, బ్రష్షులు పట్టండన్నాడు. ఆ రోజు నాలుగు వందల మందితో రైలు దాటాలట.

ఆ వంతెన రివెట్ల సంగతి అడక్కండి. ఆకాశంలో చుక్కలన్నీ లెక్కపెట్టి వచ్చిన మొనగాడొకడు ఇక్కడ మొదటి దూలం దగ్గరే కునుకు తీశాడట. వాటన్నిటినీ పేరుపేరునా ఎరిగినవాడు సుత్తాయన. సుత్తితో కొట్టి వింటాడు. గట్టి రివెట్టు ఖంగుమంటుంది, వదులుది పగిలిన కుండలా మూలుగుతుంది. వదులుదాని చుట్టూ సుద్దతో సున్నా చుడతాడు. ఈసారి ఆ సున్నాలన్నీ కాంట్రాక్టరు రంగువాళ్లచేతే తుడిపించాడు. తమ్ముడు కట్టుకున్న కమ్మీ మీదవి తుడిచింది రంగులక్కే.

రేకుల షెడ్డులో రంగువాళ్లు నలభై మందీ కూర్చున్నారు. పని మానేద్దామన్నారు కొందరు. మానేస్తే కొత్తవాళ్లొచ్చి పూస్తారన్నారు ఇంకొందరు. ఒక ముసలి రంగువాడు కిటికీలోంచి ఉత్సవానికి కొత్తగా సున్నం కొట్టిన గడియార స్తంభాన్ని చూపించాడు.

"ముల్లు కదలదు గానీ మొహానికి పౌడరు కొట్టారు. మన వంతెనకీ అదే సింగారం."



"పని పోతుందని తుడిచాను," అంది రంగులక్క. "మీరూ అందుకే తుడిచారు. ఈసారి తుడిచినా పోకుండా చుడదాం."

ఉత్సవం ముందురోజు రాత్రి కాంట్రాక్టరు ఊళ్లో పాత సుంకాల భవనానికి దీపాలు కట్టించుకుంటుంటే, సుత్తాయన వంతెన రివెట్లు కొట్టుకుంటూ నడిచాడు. వెనకాల నలభై బ్రష్షులు ఎర్రరంగుతో సున్నాలు చుట్టాయి. తెల్లారేసరికి వంతెనకు ఒళ్లంతా తట్టు పోసినట్టుంది.

పోలీసులొచ్చారు. ఎవరి పని అన్నారు.

"నేను మొదలెట్టాను. ఆ సుత్తి తీసుకుని మీరే కొట్టి వినండి," అంది రంగులక్క.

వాళ్లు వినలేదు. ఆమెనూ సుత్తాయననూ వ్యానెక్కించారు. అప్పుడే ఉత్సవం రైలు వంతెన మొదట్లో ఆగింది. డ్రైవరు దిగి ఆ ఎరుపేమిటని అడిగాడు. ముసలి రంగువాడు చెప్పాడు.

"అలంకారమయ్యా, పోనివ్వు," అన్నాడు కాంట్రాక్టరు.

"అయితే ఇంజను ముందు నువ్వు నడు. నీ వెనకాలే తోలతా."

కాంట్రాక్టరు కాలెత్తాడు. కింద నదిని చూసి, ఎక్కడ ఎత్తాడో అక్కడే పెట్టాడు. కిటికీల్లోంచి నాలుగు వందల మందీ చూశారు. ఒక్కొక్కరే దిగారు. పోలీసు వ్యానుకు అడ్డంగా అప్పటికే రంగువాళ్లు కూర్చుని ఉన్నారు. దిగినవాళ్లు వాళ్ల పక్కన చోటు అడిగి కూర్చోవడం రంగులక్క వ్యాను కటకటాల్లోంచి చూసింది.