గిన్నెలు ముందే కడిగేశా

మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను తయారుచేస్తాను, మా ఆయన పగలగొడతారు. ఎగతాళి కాదు, ల్యాబ్‌లో ఆయన ఉద్యోగమే అది. పెళుసు ప్లాస్టిక్‌లో రబ్బరు కలిపి నా మిషన్ ఫ్రిజ్‌ల లోపలి గోడలకు రేకులు తీస్తుంది. ఆయన వాటి మీద ఇనుప గుండు పడేస్తారు.

కొత్త రకం రేకు పగిలింది. రబ్బరు సరిగ్గా కలవలేదేమోనని మిషన్ వేగం పెంచాను. మళ్ళీ పగిలింది. రేపు కూడా పగిలితే మిషన్ ఇంకొకరికి ఇస్తానన్నాడు మేనేజర్. ఏళ్ళ తరబడి బస్తాలు మోసి సంపాదించుకున్న మిషన్ అది! ఈసారి వేగం ఇంకా పెంచి, రబ్బరు ఆనవాలు లేకుండా నలిపేద్దామనుకున్నాను.

ల్యాబ్ వాళ్ళు ఏదైనా మేనేజర్‌కే చెప్పాలి. ఆ మేనేజర్ నాకు చెప్పేది "పగిలింది" అన్న ఒక్క ముక్క. ఇంట్లో మా ఆయన్ని అడుగుదామా అంటే, ఫ్యాక్టరీ మాటెత్తినవాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలని నియమం. పెట్టింది నేనే. ఇక నేనెలా నోరు తెరుస్తాను?

ఆ సాయంత్రం వంటింట్లో గలగలమని చప్పుడు. గిన్నెలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, చొక్కా చేతులు మడిచి తోముతున్నారు!

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"గిన్నెలు ముందే కడిగేశా. ఇప్పుడు మాట్లాడతా. రేపు వేగం తగ్గించు."

"తగ్గించాలా? నా మిషన్ సంగతి నాకు తెలీదా?"

"తెలుసులేవే తల్లీ! మైక్రోస్కోపులో చూశా. రబ్బరు బొట్టు అడ్డుపడితేనే పగులు ఆగేది. నువ్వు దాన్ని పిండి పిండి చేశావు. పగులు దర్జాగా దాటిపోతోంది."

"అయితే పెద్ద ముద్దలుగా వదిలేయనా?"

"అప్పుడూ పగులుతుంది. మరీ నలపకు, మరీ వదలకు."

రాత్రంతా సణిగాను. పొద్దున మాత్రం వేగం తగ్గించాను.

గుండు పడింది. రేకు సొట్టపోయింది, అంతే. పగల్లేదు! మేనేజర్ నా మిషన్ మీద చెయ్యి వేసి, "ఇది నీదేనమ్మా" అన్నాడు. ల్యాబ్ కిటికీ అద్దం వెనక మా ఆయన, పగలగొట్టలేకపోయినందుకు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకుండానే వంటింట్లోకి పరుగెత్తాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

"అవి శుభ్రంగానే ఉన్నాయి కదే!" అన్నారాయన.

"ఉండనీయండి. ఇవాళ నేను చాలా మాట్లాడాలి."