మంచి పిల్ల

దుప్పటిని మిగతా బట్టల నడుమ దాచి ఉతికేసి, పచ్చయమ్మ జననిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడలు అల్లుతోంది. సబ్బునీళ్లకు వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. మాధవరంలోని ఈ బాలికల గృహంలో ఆయాగా చేరినప్పటినుంచీ అవి పొడిగా ఉన్నది తక్కువ.

ఏడేళ్ల జనని పక్క తడుపుతుంది. వార్డెన్‌కు తెలిస్తే ఫైల్లో 'ప్రవర్తన సరిలేదు' అని ఎక్కుతుంది, పిల్లలు గేలి చేస్తారు. అందుకే పచ్చయమ్మ ఎవరికీ చెప్పలేదు. జననిని తీసుకెళ్లబోయే మేనత్త చెవిన మాత్రం వేయాలనుకుంది: రాత్రి ఒకసారి లేపాలి, కొట్టకూడదు. కొడితే ఇంకా ఎక్కువవుతుంది.

"ఎల్లుండే గదా అత్త వచ్చేది. నేనే అన్నీ చెప్పి పంపిస్తా, భయపడొద్దు కన్నా."

ఆ రోజు ఆయాలకు చూలై అనే పేటలో శిక్షణ. బిడ్డను ముక్కలుగా కాదు, నిండుగా చూడాలన్నాడు శిక్షణ ఇచ్చే ప్రభాకరన్ సారు. పెద్ద కాగితం మీద పిల్ల బొమ్మ గీయించి ఒళ్లు, మనసు, ఇష్టాలు, భయాలు అన్నీ నింపమన్నాడు. ఇరవైమందికి ఒక్క ఆయా ఉంటే నిండుగా చూసేదెప్పుడని ఎవరూ అడగలేదు. భోజనం బాగుంది.

"మీ పిల్ల గురించి ప్రత్యేకంగా చెప్పాల్సిందేమైనా ఉందా?" పచ్చయమ్మ గీసిన జనని బొమ్మ చూసి అడిగాడు సారు.

నోటిదాకా వచ్చింది. వెనక తోటి ఆయాలు వింటున్నారు.

"ఏం లేదు సార్. మంచి పిల్ల."

అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి జనని మంచం ఖాళీ. మేనత్తకు ఎల్లుండి పనికి సెలవు దొరకదట. మధ్యాహ్నమే వచ్చి తీసుకెళ్లిపోయింది.

"నేనొచ్చేదాకా ఉంచకూడదా మేడమ్?"

"నువ్వు ట్రైనింగ్‌లో ఉండావు గదా," అంది వార్డెన్ జెబ.

పచ్చయమ్మ అప్పుడు చెప్పేసింది. జెబ ఫైలు తిరగేసింది.

"ఇందులో ఏమీ లేదే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలే?"

పచ్చయమ్మ ఫైలు వైపు వేలు చూపించింది. "వాళ్లత్త నంబరియ్యండి. ఒక్క మాట చెప్తా."

"మనం ఇయ్యకూడదు. ఒక నెల పోనీ, ఆఫీసోళ్లు చూడను పోతారు. అప్పుడు చెప్పమందాం."

ఆ నెలలో రాత్రుళ్లే ఉండవనుకుందేమో ఆమె. జెబను తిట్టుకుందామన్నా నోరు రాలేదు. పిల్ల పరువు కాపాడబోయి పిల్లనే దెబ్బలకు అప్పగించింది తను.

బట్టలు తీయడానికి మేడెక్కింది. జనని గౌన్లన్నీ ఎవరో మడిచి సంచిలో సర్ది పంపేశారు. ఎవరిదో తెలియక వదిలేసినట్టున్నారు, తను జనని దుప్పటి కింద పరిచే చిన్న రబ్బరు షీటు ఒక్కటే తీగ మీద గాలికి పటపట కొట్టుకుంటోంది.