లేదన్న గది

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు జరిగిందిది. ఆ ఏడు ఊరికి గట్టు కట్టారు, నీళ్లు తోడే పంపు పెట్టారు, ఇళ్లకొచ్చి రోగుల్ని చూసే నర్సమ్మను వేశారు. వాటికోసం గదికింతని ఇంటిపన్ను పెట్టారు. కొలతలాయన ఇంటింటికీ తిరిగి గదులు కొలిచి, గుమ్మం గుమ్మానికీ నల్లరంగుతో అంకె వేసి పోతున్నాడు.

వడ్రంగి ఇంట్లో గదులు నాలుగు. నాలుగోది వాళ్లమ్మది. వరదలో రేకు తగిలి కాలు చీరుకుపోయినప్పటి నుంచీ ఆవిడ మంచం దిగలేదు. ప్రతి గురువారం నర్సమ్మ వచ్చి కట్టు మార్చేది.

కొలతలాయన పక్క వీధిలోకి వచ్చాడని తెలిసి వడ్రంగి చేతిలో పని పక్కన పడేసి ఒక బీరువా చేశాడు. సరిగ్గా అమ్మ గుమ్మమంత ఎత్తు, అంత వెడల్పు, కింద చక్రాలు. తోస్తే గుమ్మానికి అతుక్కుపోయేది. గోరు కూడా దూరదు.

"కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లి నీకు చుట్టమేనేమో," అంది భార్య.

"ఊళ్లో అందరూ కడుతున్నారుగా. మన ఒక్క గది లేకపోతే గట్టు కూలిపోతుందా?"

కొలతలాయన వచ్చి మూడు గుమ్మాలకు అంకెలు వేశాడు. బీరువా ముందు ఆగి, చెక్క మీద చెయ్యి వేసి, మంచి పనితనమన్నాడు. అప్పుడే వెనకనుంచి ముసలావిడ దగ్గింది.

"ఎవరది?"

"పక్కింట్లో," అన్నాడు వడ్రంగి.

"దీని వెనక గదేమన్నా ఉందా?"

"లేదు."

ఆయన ఊరికి కొత్త. పక్కిల్లు వరదనాటి నుంచీ ఖాళీ అని ఆయనకు తెలీదు. రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం తింటుంటే దగ్గు వినపడింది. అమ్మ దగ్గే. కానీ పక్కింట్లోంచి వచ్చింది. వడ్రంగి ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. లేచి బీరువా పక్కకు తోసి చూశాడు. అమ్మ మంచం మీదే ఉంది, పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం గోడ అవతల ఖాళీ ఇంట్లోంచి వస్తోంది.

"దాహంరా."

గురువారం నర్సమ్మ వచ్చింది. బీరువా పక్కకు తోసే ఉంది, తలుపు బార్లా తీసే ఉంది.

"మీ అత్తగారిని ఎక్కడికి మార్చారమ్మా?"

"అదేమిటి, ఎదురుగానే ఉందిగా," అంది వడ్రంగి భార్య.

నర్సమ్మ చెయ్యి చాచింది. తెరిచిన గుమ్మంలో, గాల్లో, అరచెయ్యి చదునుగా ఆగిపోయింది. వెనక్కి తీస్తే వేళ్లకు సున్నం అంటుకుని ఉంది.

"గోడను చూపించి పరాచికాలేమిటమ్మా? ఇంకా పదకొండిళ్లు తిరగాలి. నా జీతం మీ అందరి గదుల్లోంచి వస్తోంది, ఊరికే రావట్లేదు."

ఆవిడ వెళ్లిపోగానే వడ్రంగి లోపలికెళ్లి అమ్మను చూశాడు. అమ్మ కాలు మోకాలిదాకా వాచింది, ఒళ్లు పెనంలా కాలుతోంది. దుప్పటితో సహా ఎత్తుకుని గుమ్మం దాటాడు. దాటాక చూస్తే చేతుల్లో దుప్పటే ఉంది. వెనక్కి తిరిగితే అమ్మ మంచం మీదే ఉంది.

"లేదన్నావుగా," అంది పక్కింట్లోంచి గొంతు. కోపం లేదు అందులో. "లేనిదాన్ని ఎక్కడికి మోస్తావురా, పిచ్చి నాయనా."

వడ్రంగి గుమ్మంలోనే కూలబడ్డాడు. పొద్దుగూకుతుంటే భార్య ఒక్క మాట అంది.

"ఎవరి దగ్గర లేదన్నావో వాళ్ల దగ్గరే ఉందని చెప్పిరా."

మర్నాడు తలుపులు తియ్యకముందే వడ్రంగి పన్నుల ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. కొలతలాయన రాగానే లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అబద్ధం చెప్పాను. ఇంకో గదుంది. జరిమానా ఎంతంటే అంత వెయ్యండి, ముందు వచ్చి కొలవండి."

ఆయన ముఖం చిట్లించాడు గానీ టేపు తీసుకుని వెంట నడిచాడు. బీరువా పక్కకు లాగి ఉన్న చోట నిలబడి గోడను తేరిపార చూశాడు. వడ్రంగి ఆయన చెయ్యి పట్టుకుని, తను కోసి నిలబెట్టిన ద్వారబంధం మీద పెట్టాడు. ఆయన వేళ్లు కర్రను తడుముకుంటూ పైకి వెళ్లాయి. కుంచె ముంచి నాలుగు అని వేశాడు.

లోపల్నుంచి దగ్గు వినపడింది.

"ఎవరది?" అన్నాడు కొలతలాయన.

"మా అమ్మ," అన్నాడు వడ్రంగి. ఆ మాట అంటూనే నర్సమ్మ కోసం వీధిలోకి పరిగెత్తాడు.